ఎక్సలేటర్ తొక్కితే లేచే కూత

పూసవాగు, దుమ్ముగూడెం దారి
జూన్ మొదట్లో

ఆజం చాచాకు చాంది నమస్తే.

ఇక్కడ అందరం బాగున్నాం, నా జీపు తప్ప. కోపం తెచ్చుకోకుండా చదువు చాచా. నాకు మాత్రం కోపంగానే ఉంది.

పోయినేడు వానలకు ముందు నువ్వు పెట్టిన స్టీరియోలో కూత అట్లాగే ఉంది. ఖమ్మంలో నీ షాపు ముందు నిలబడ్డప్పుడు బస్సుల హారన్లలో నాకేమీ తెలియలేదు. "గాజు లెక్క సాఫ్‌గ ఉన్నది, తీస్కపో" అన్నావు. నమ్మి తెచ్చుకున్నాను. కొత్తగూడెం దాటి అడవి మొదలయ్యాక, ముందూ వెనకా ఇంకో బండి లేని చోట అది బయటపడింది. ఎక్సలేటర్ తొక్కితే సన్నగా కుయ్యిమని లేస్తుంది. ఇంకా తొక్కితే ఇంకా పైకి పోతుంది. కాలు తీస్తే దిగుతుంది. పాట పెట్టినా అదే, మైకులో మాట్లాడినా అదే. జీపు పైన నువ్వు బిగించిన హారన్ స్పీకర్ల లోంచి ఊరికంతా ముందు వినపడేది ఆ కూతే.

పాటలకైతే సర్దుకునేదాన్ని. పోయినేడు గోదావరి వచ్చినప్పుడు జరిగింది నీకు సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు చెప్తున్నాను. రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చాక, ఒడ్డు ఊళ్లలో మైకుతో చెప్పి రమ్మని జీపులు నడిపేవాళ్లందరినీ అడిగారు. నేనూ మా ఆశా వర్కర్ నాగలతా బయలుదేరాం. నాగలత కోయలోనూ తెలుగులోనూ చెప్తూ ఉంది, నేను తోలుతూ ఉన్నాను. ఇంజిన్ ఆపి చెప్పే వీలు లేదు. ఆపితే నా జీపు మళ్లీ లేవదు. సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంటుంది, దిగి తోయాలి. కొత్త బ్యాటరీ వేసినా అదే వరస. ఆ వానలో ఎవరొచ్చి తోస్తారు? అందుకని ఇంజిన్ నడుస్తుండగానే ఊళ్లన్నీ తిరిగాం.

మామిళ్లగుంపులో జోగయ్య తాత మా కూత విన్నాడు, మాట వినలేదు. "ఏదో కూస్కుంట పోయింది బిడ్డా, ఉల్లిగడ్డల ఆటో గావొచ్చనుకొని పండుకున్న" అని తరవాత చెప్పాడు. నీళ్లు గడప దాటాక లేచాడు. మనవరాలిని భుజానేసుకొని ఇంటి కప్పెక్కి, పడవ వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. కొట్టంలో కట్టేసిన ఎడ్లజత పోయింది. తాడు విప్పే వ్యవధి ఉన్నా అవి ఈదుకుంటూ గట్టెక్కేవి.

తాత నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఈ ఏడు గోదావరి రాకముందే ఆ కూత పోవాలి చాచా. అది పోయేదాకా నేను నిన్ను వదలను.

భద్రాచలంలో ఒక మెకానిక్‌కు చూపిస్తే "సెట్టు పీకేసి కొత్తది పెట్టించు" అన్నాడు. ఉన్నదే కొత్తది! ఖమ్మం దాకా రావాలంటే జీపు ఆగిపోతుంది, దాన్ని నమ్ముకొని బడికి పోయే టీచర్లున్నారు. కూత రికార్డు చేసి భద్రాచలం నుంచే నీకు వాట్సాప్‌లో పెట్టాను, విను. ఫోన్ చేస్తే బేగం చాచీ ఎత్తి "షాపుల లొల్లి ఉన్నదట, రాసి పంపుమంటుండు" అంది. మా ఊళ్లో ఎట్లాగూ సిగ్నల్ ఉండదు. అందుకే రాసి, ఖమ్మం బస్సు నడిపే వీరన్న అన్న చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

నీ బిడ్డ,
చాంది


ఖమ్మం, పాత బస్టాండు ఎదురుంగ
జూన్

చాందీ బేటీకి ఆజం చాచా దువా.

నేను మాట్లాడినట్టే రాస్త. బడి తెలుగు నాకు రాదు, నవ్వకు.

ఏందే, నేను పెట్టిన సెట్టుల కూతనా? మీ నాయిన హరిలాల్ లారీకి టేపురికార్డర్ పెట్టిన కాడికెళ్లి ఈ చెయ్యి గీ పని మీదనే ఉన్నది. మీ నాయిన బతికినన్నాళ్లు నన్ను గిట్ల ఒక్కనాడన్లే. ఆయన లారీ ముదిగొండ మూల తిరిగితే పాట ఇనపడి మీ అమ్మ పొయ్యి మీద చాయ్ పెట్టేది. ఆయన బిడ్డవు, నువ్వు నాకు కూత అని రాస్తవు!

నీ రికార్డు ఇన్న. మళ్లా మళ్లా ఇన్న. అండ్ల ఇంజిన్ గడగడ ఉన్నది, నాగలత గొంతు ఉన్నది. కూత లేదు, గీత లేదు. మీ అడవిల కీచురాళ్లు మస్తుంటయి. గవి ఇని పరేషాన్ అయితున్నవేమో చూసుకో.

అయినా జోగయ్య ఎడ్ల సంగతి సదివినంక నాకు బుక్క దిగలే. అందుకని చెప్తున్న, చెయ్యి. సీటు కింద ఆంప్లిఫయర్ డబ్బా ఉన్నది గదా, దాని నల్ల వైరును బండి బాడీకి బోల్టేసి బిగించిన. గదే ఎర్త్. బోల్టు ఇప్పు. కింద రంగు కనపడితే గరుకు కాగితంతోని గట్టిగ రుద్దు. ఇనుము తెల్లగ మెరిసినంక బిగించు. రంగు మీద బిగిస్తే ఎర్త్ ఆనదు. రెండోది, బ్యాటరీ నుంచి వచ్చే లావు ఎర్ర వైరు, స్టీరియో నుంచి వచ్చే సన్న ఆడియో వైర్లు ఒక్క దిక్కు పోవద్దు. ఒకటి కుడి పక్కకు, ఒకటి ఎడమ పక్కకు జరుపు. దగ్గర దగ్గర ఉంటే కరెంటు లొల్లి సన్న వైర్లల్ల దూరుతది.

గంతే. గీ పనికి ఉత్తరాలెందుకు అనకు. ఫోన్ మాత్రం చెయ్యకు. గిరాకీ ముందట ఫోన్ మాట్లాడుడు నాకు నచ్చదు. రాస్తే నిమ్మళంగ సదువుకుంట.

అల్లుడు తిరుపతిని, మీ అత్తను అడిగిన అని చెప్పు.

ఆజం


పూసవాగు
జూన్ చివర

ఆజం చాచాకు,

చెప్పినవన్నీ చేశాను. సీటు పీకాను. బోల్టు కింద నువ్వు రాకిన ఇనుము రాకినట్టే ఉంది, అయినా మళ్లీ రాకాను. ఎర్ర వైరు కుడి వైపు, సన్న వైర్లు ఎడమ వైపు వేశాను. మా ఆయన తిరుపతి టార్చి పట్టుకొని "జీపు మొత్తం ఇప్పినంక మల్ల బిగించుడు నీకొస్తదా?" అని ఎగతాళి చేశాడు. బిగించాను. మరలు కూడా మిగలలేదు, ఆ మాట ఆయనకే చెప్పు.

కూత ఉంది.

కీచురాళ్లట! అడవిలో పుట్టిన నాగలతకు కీచురాయి తెలియదా? ఆమె ఏమందో తెలుసా, "అక్కా, నా గొంతుల దోమ దూరి నాతో పాటు మాట్లాడుతున్నట్టున్నది." టీచర్లు విన్నారు. సంతకు పోయే ముసలమ్మలు విన్నారు. భద్రాచలం బస్టాండులో వీరన్న అన్నకు రికార్డు వినిపిస్తే చెవి దగ్గర పెట్టుకున్నవాడు ఫోన్ విసిరేయబోయాడు. ఇంతమంది విన్నది నీకొక్కడికి ఎందుకు వినపడదు? నేను ఎంత రాసినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

చాచా, నాకు వేరే ఎవరూ లేరా? ఉన్నారు. కానీ నాన్న లారీలో నీ సెట్టు పాడుతుంటే డ్యాష్‌బోర్డు మీద తల పెట్టి నిద్రపోయిన పిల్లను నేను. నీ పనిలో తప్పుందని ఇంకొకడు చెప్తే నాకు నచ్చదు. నువ్వే చూడాలి, నువ్వే తీయాలి.

పైన మహారాష్ట్రలో వానలు మొదలయ్యాయట. భద్రాచలం స్నానఘట్టాల మెట్లు ఇంకా కనిపిస్తున్నాయి. అవి మునగకముందు జవాబు పంపు.

చాంది


ఖమ్మం
జులై మొదట్లో

చాందీ,

ఉత్తరం ముట్టింది. శంఖం సంగతి సదివిన. మంచిగ రాసినవు.

సరే, ఉన్నదనే అనుకుందాం. అయితే నేను అడిగినయి చూసి రాయి, సొంత కవిత్వం వద్దు. ఒకటి: ఆంప్లిఫయర్ కాడ సన్న ఆడియో వైర్లు రెండు పీకి పక్కన పెట్టు, ఇంజిన్ తొక్కు. కూత ఉన్నదా, పోయిందా? రెండు: వైర్లు మళ్లా పెట్టి, హెడ్‌లైట్లు ఎయ్యి. పెరిగిందా, అట్లనే ఉన్నదా? మూడు: వీరన్న చేతికి నాయిస్ ఫిల్టర్ ఇచ్చిన, అగ్గిపెట్టెంత డబ్బా. స్టీరియోకు పోయే ఎర్ర వైరు మధ్యల కట్టు. అప్పుడేమైందో రాయి.

ఎంత పెరిగింది, ఎప్పుడు పెరిగింది అన్నది రాయాలె. "మస్తు" అని రాయకు. దోమంతనా, తుమ్మెదంతనా, కుక్కర్ విజిలంతనా, అట్ల రాయి. నువ్వు రాసింది సదివితే నాకు కండ్ల ముందు కనపడాలె.

షాపుల పని ఎక్కువున్నది. ఉంట.

ఆజం


పూసవాగు
జులై

ఆజం చాచాకు,

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. సన్న వైర్లు పీకితే కూత పూర్తిగా పోయింది. మళ్లీ పెడితే వచ్చింది. అంటే దొంగ ఆ వైర్ల దారినే వస్తున్నాడు, ఆంప్లిఫయర్ మంచిదే. హెడ్‌లైట్లు వేస్తే పెరిగింది, దోమ కాస్తా తుమ్మెద అయింది. వైపర్ కూడా వేస్తే ఇంకొంచెం. ఫిల్టర్ కట్టాక తగ్గింది కానీ పోలేదు. మెల్లగా తోలితే ఫరవాలేదు, ఎత్తు ఎక్కేటప్పుడు మళ్లీ నాగలత మాట మింగేస్తుంది. సెల్ఫ్ మాత్రం ఇంకా పాడైంది, లైట్లు వేసి కొడితే లైట్లే ఆరిపోతున్నాయి. నిన్న బురదలో టీచరమ్మలు దిగి చీరలు ఎగ్గట్టుకొని తోశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు ఇంకో మాట. రాయాలా వద్దా అని రాసిన కాగితం రెండుసార్లు చింపాను. రాస్తున్నాను.

నీ షాపులో ఆ రోజు చాచీ లోపలి నుంచి చాయ్ తాగమని పిలుస్తూనే ఉంది. నువ్వు తల తిప్పలేదు. పనిలో మునిగావనుకున్నాను. తరవాత చాచీ వచ్చి భుజం తట్టింది, అప్పుడు తిరిగావు. సెట్టు పరీక్ష చేసేటప్పుడు నువ్వు చెవి పెట్టలేదు చాచా, స్పీకర్ మీద అరచెయ్యి పెట్టావు. ఫోన్ వద్దంటావు. రికార్డులో లావు చప్పుడు విన్నావు, గొంతు విన్నావు, సన్న కూత ఒక్కటే వినలేదు. ఇప్పుడేమో దోమంతా, కుక్కరంతా అని నన్ను రాయమంటున్నావు.

నీకు ఆ కూత వినపడదు. కదా?

పోయిన ఉత్తరంలో శంఖం సామెత రాశాను. అది తలుచుకొని రెండు చెంపలూ వాయించుకున్నాను. నిన్ను ఎత్తిపొడవడానికి కాదు ఇప్పుడు రాసేది. పంటి నొప్పికి డాక్టరు దగ్గరకు పోతాం, దీనికెందుకు పోకూడదు? ఒక్కసారి దవాఖానాకు పో.

కోపం వస్తే తిట్టి రాయి. రాయడం మాత్రం మానకు. మెట్లు సగం మునిగాయి.

చాంది


ఖమ్మం
జులై

చాందీ బిడ్డకు బేగం చాచీ దువాలు. నేను చెప్తుంటే మా కోడలు సుమేరా రాస్తున్నది.

మీ చాచాకు తెల్వకుండ రాపిస్తున్న. నీ ఉత్తరం సదివిండు, మడిచి జేబుల పెట్టిండు, షట్టర్ దించి ఇంటికొచ్చిండు. బిర్యానీ చేస్తే కూడా సగం వదిలేసిండు, గాయన! నేను మూడేండ్ల సంది మొత్తుకుంటున్న బిడ్డా. చెవుల సంగతి ఎత్తితే ఇంట్ల అగ్గి పుట్టేది. మన షాపుల గిరాకీ కూడా కొంచెం కొంచెం పల్చబడ్డది, "ఆజం భాయ్ ఇదివరకు లెక్క చేస్తలేడు" అని పోతున్నరు. ఆయనకు ఎక్కడ గుచ్చుకోవాలెనో నీ ఉత్తరం అక్కడనే గుచ్చుకున్నది.

నువ్వు బాధపడకు. ఎవరో ఒకరు అనాల్సిన మాటనే అన్నవు. పొద్దుగాల్నుంచి ఒక అట్టముక్క మీద జీపు బొమ్మ గీస్తున్నడు. నీ ఉత్తరాలన్నీ ముందటేసుకొని సెల్ఫ్ అన్న కాడల్లా పెన్సిల్‌తోని గీత కొడుతున్నడు. గది మంచిదే అనుకుంటున్న.

బేగం


ఖమ్మం
జులై

చాందీ,

అవ్. ఇనపడదు. అయితే ఏంది?

మొదలు పొద్దుగాల పిట్టల చప్పుడు పోయింది. పిట్టలు తగ్గినయేమో అనుకున్న. తర్వాత కుక్కర్ విజిల్ పోయింది. సన్నయి ఒక్కొక్కటి పోతున్నయి బేటీ, లావుయి ఉన్నయి. నాకు భయమైంది. చెవిటోనితోని స్టీరియో పెట్టించుకునేటోడు ఖమ్మంల ఎవడన్న ఉంటడా? అందుకే దాచిన. నీ దగ్గర దాచుడు తప్పే, జోగయ్య ఎడ్ల సంగతి తెలిసి గూడ దాచుడు ఇంకా తప్పు. చాలు, గీ మాట మళ్లా ఎత్తకు.

చెవి పోతే పోయింది, దిమాక్ పోలే. ఇప్పుడు పని ఇను.

నువ్వు మొదటి ఉత్తరంలనే నాకు జవాబు రాసినవు. నేను కూత ఉన్నదా లేదా అన్న పంతంల పడి గది సరిగ సదవలే. కొత్త బ్యాటరీ ఉన్నా సెల్ఫ్ టక్కుమంటది. లైట్లేస్తే కూత పెరుగుతది. సెల్ఫ్ కొడితే లైట్లు ఆరిపోతయి. ఈ మూడూ ఒక్క ఇంటి దొంగలే. ఇంజిన్‌కు బాడీకి మధ్య ఎర్త్ పట్టీ ఉంటది, రాగితీగెలు జడ లెక్క అల్లి ఉంటది. గది తెగన్న తెగింది, చిలుమన్న పట్టింది. సెల్ఫ్‌కు గుంజే కరెంటు, డైనమో పంపే కరెంటు గా పట్టీ మీదికెళ్లే మర్లి పోవాలె. అది సరిగ ఆనకపోతే కరెంటు దొరికిన సందుల దూరుతది. నీ సన్న వైర్లల్ల దూరి కూస్తది. నేను సీటు కింద ఎర్తే చూసిన గానీ బానెట్ లేపి చూడలే.

ముందు పరీక్ష చెయ్యి. వేరే బండికి కరెంటిచ్చే జంపర్ కేబుల్ తిరుపతి దగ్గర ఉంటది. నల్లదాని ఒక కొస ఇంజిన్ ఇనుముకు, ఇంకో కొస బాడీల రంగు లేని ఇనుముకు పట్టించు. సెల్ఫ్ కొట్టు. బండి ఠక్కున అందుకుంటే దొంగ దొరికినట్టే. అప్పుడు పట్టీ యాడ మొదలై యాడ బిగించి ఉన్నదో ఏలు పెట్టి వెతుక్కుంట పో. కొసకు ఉన్న బోల్టు దొరికేదాక ఇడిసిపెట్టకు.

నువ్వు నా చెవివి, నేను నీ కన్నును. జల్దీ రాయి.

ఆజం చాచా


పూసవాగు
జులై చివర

నా బంగారు చాచాకు,

దొరికింది! దొరికింది! దొరికింది!

కేబుల్ పట్టించి సెల్ఫ్ కొట్టగానే జీపు ఎట్లా లేచిందంటే, ముందు నిలబడ్డ తిరుపతి వెనక్కి గెంతి కోళ్లగూడు మీద పడ్డాడు. తరవాత నువ్వు చెప్పినట్టే వేలు పెట్టి పట్టీ వెంట పోయాను. ఇంజిన్ కింద నుంచి రేడియేటర్ పక్కకు పోయింది. అక్కడ బోల్టు కనిపించలేదు. ఏం కనిపించిందో చెప్పుకో చూద్దాం.

నిమ్మకాయలు!

మా అత్త ప్రతి అమావాస్యకు జీపుకు నిమ్మకాయ, మిరపకాయలు కడుతుంది కదా. మొదట బంపర్‌కు కట్టేది. భద్రాచలంలో బండి ఆపితే చాలు, కోతులు వచ్చి పీక్కుపోయేవి. దిష్టికి కట్టింది కోతుల పాలైతే ఎట్లా అని, కోతికి అందకుండా బానెట్ లోపల కట్టడం మొదలుపెట్టింది. తీగె చుట్టడానికి ఆమెకు దొరికిన కొక్కెం ఏదనుకున్నావు? నీ ఎర్త్ బోల్టే. కొత్తది కట్టినప్పుడల్లా పాతది తీస్తే పాపమని దాని కిందకు జరిపింది. ఇంజిన్ వేడికి ఒక్కో కాయా ఉడికి, రసమంతా బోల్టు మీదకే కారింది. పచ్చటి చిలుము బెల్లం అచ్చులాగా పేరుకుంది. పట్టీ ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. నేను రోజూ ఇంజిన్ ఆయిల్ చూస్తాను చాచా, ఆ మూలకు చెయ్యి పెడితే దిష్టి తీసినట్టవుతుందని ఎప్పుడూ పెట్టలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు, మనం నిమ్మకాయను పట్టాం.

చిలుమంతా గీకాను. దుమ్ముగూడెంలో వెల్డింగ్ షాపు గణేష్ దగ్గర లావు కేబుల్ ముక్క తెచ్చి కొత్త పట్టీ చేశాను. బోల్టు కొత్తది. సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు అందుకుంది. స్టీరియో పెట్టాను, సౌండు పూర్తిగా పెంచాను, లైట్లు వేశాను, వైపర్ వేశాను, ఎక్సలేటర్ నేలకు తొక్కాను. ఏమీ లేదు. ఇంజిన్ చప్పుడు ఇంజిన్‌లోనే ఉంది. నాగలత మైకులో మెల్లగా దగ్గింది, ఆ దగ్గు కూడా చెరువు కట్ట దాకా వినపడింది. స్టీరింగ్ మీద తల పెట్టుకొని ఏడ్చేశాను.

అత్త మాత్రం ఒప్పుకోలేదు. "నా నిమ్మకాయ బండిని ఇన్నేండ్లు కాపాడలేదా? గోదాట్ల పడ్డదా, చెట్టుకు గుద్దిందా?" అని ఎదురు తిరిగింది. ఇప్పుడు నిమ్మకాయకు అద్దం కింద ప్లాస్టిక్ కొక్కెం పెట్టించాను, ఆమె కళ్ల ముందే ఉంటుంది.

మెట్లన్నీ మునిగాయి. ఆకాశం చూస్తే భయంగా ఉంది, జీపును చూస్తే లేదు.

నీ చాంది


పూసవాగు
ఆగస్టు

ఆజం చాచాకు,

గోదావరి వచ్చి పోయింది. మేం క్షేమం.

రెండో హెచ్చరిక మధ్యాహ్నం ఇచ్చారు. అన్నం ముద్ద చేతిలోనే వదిలేసి నేనూ నాగలతా బయలుదేరాం. వాన కళ్లు తెరవనివ్వలేదు. లైట్లు, వైపర్ అన్నీ వేసే నడిపాను. పోయినేడు ఇదే దారిలో మా ముందు కూత నడిచింది, ఈసారి నాగలత మాట నడిచింది. మేం మలుపు తిరిగేసరికే జనం మూటలు నెత్తికెత్తుకొని గట్టు మీద బడి దగ్గరకు నడుస్తున్నారు. పిలవని ఇల్లు లేదు, ఆగి రెండోసారి చెప్పాల్సిన ఇల్లు లేదు.

మామిళ్లగుంపు దగ్గరకు వచ్చేసరికి ఎక్సలేటర్ ఇంకా తొక్కాను. జోగయ్య తాత ఇల్లు చివర ఉంటుంది. ఆయన కొత్తగా తెచ్చుకున్న కోడెలు ఎట్లా ఉన్నాయో అని మనసంతా అక్కడే ఉంది. తీరా చూస్తే ఎదురుగా ఆయనే వస్తున్నాడు. ముందు కోడెలు, వెనక మనవరాలు, చంకలో కోడి. జీపు పక్కన ఆగి, "ఇన్న బిడ్డా. నాగలత మా ఇంట్లకొచ్చి లేపినట్టే ఇనపడ్డది. ముందుగాల తాడిప్పిన" అన్నాడు.

ఏం చేశానో తెలుసా? ఇంజిన్ ఆపేశాను. ఆ వానలో, ఆ బురదలో, కావాలనే. దిగి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. పోయినేడు ఆయన అనని మాట, నేను అడగని మాట అప్పుడు అడిగాను, "నన్ను క్షమించు తాతా" అని. ఆయన కోడిని నాగలత చేతిలో పెట్టి నా తల నిమిరాడు. ఎక్కి సెల్ఫ్ కొట్టాను. ఒక్క దెబ్బకు లేచింది.

సాయంత్రానికి కొట్టం మునిగింది. అప్పటికి అందులో ఉన్నది ఖాళీ పలుపులే.

నువ్వు చెప్పిన పని నేను చేశాను. ఇప్పుడు నేను చెప్పిన పని నువ్వు చెయ్యాలి. దవాఖానా. సాకులు వద్దు. చేయకపోతే నిమ్మకాయల దండ కట్టించుకొని మా అత్తను వెంటబెట్టుకొని ఖమ్మం వస్తాను.

చాంది


ఖమ్మం
సెప్టెంబరు

చాందీ బేటీకి ఆజం చాచా దువా.

మీ అత్తకు భయపడి దవాఖానాకు పోయిన. చెవి డాక్టర్ అద్దాల డబ్బాల కూసోబెట్టి చప్పుళ్లు ఇనిపించిండు. వయసు మీద పడ్డది, ఇన్నేండ్లు స్పీకర్ల ముందట కూసున్నవు, సన్నయి పోయినయి, చెవిల మిషన్ పెట్టుకోవాలె అన్నడు. పెట్టుకున్న.

పెట్టుకొని ఇంటికి రాంగనే మొదలు ఇనపడ్డది ఏందో ఎరుకేనా? మీ చాచీ వంటింట్ల నన్ను తిట్టుడు. ఇన్నేండ్లు గింత తిట్టిందా అని పరేషాన్ అయిన. పొద్దున పిట్టలు అరిస్తే సుమేరాను లేపి అడిగిన, గివి మన పిట్టలేనా అని. ఉన్నయి బేటీ, అన్నీ ఉన్నయి. నేను వాకిట్ల నిలబడి ఏడుస్తుంటే పాలాయన చూసి పోయిండు, పోనీ.

అసలు సంగతి ఇప్పుడిను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిల పడ్డదట. నేను పెట్టుకున్న మిషన్ల కూత! తల ఇటు తిప్పితే కుయ్యి, అన్నం నములుతుంటే కుయ్యి. మిషన్ అమ్మిన షాపుకు తీస్కపోతే ఆ మేడం చెవి కాడ పెట్టుకొని చూసి, "ఏం లేదు అంకుల్, మీకు అట్లనిపిస్తుంది" అన్నది. నేను నీకు చెప్పిన మాటనే బేటీ, అచ్చం గదే మాట! అప్పుడు తెలిసింది, జూన్ నెలంత నీకెంత మండి ఉంటదో. నేను గూడ నీ లెక్కనే లేవకుండ అక్కడనే కూసున్న. "నేను గీ పని చేసేటోన్నే, కూత పోయేదాక పోను" అన్న. ఆఖరికి షాపోళ్లు చెవిల దూరే రబ్బరు బుడిపె ఇంకో సైజుది పెట్టి చూసిన్రు. ఇదివరకుది చెవి లోపల సరిగ ఆనుతలేదట. ఆనుతలేదు! నీ బానెట్ కింద బోల్టు లెక్కనే. ఇప్పుడు ఆనింది, కూత పోయింది.

షాపు మీద బోర్డు మార్పిచ్చిన. కింద ఒక లైను రాపిచ్చిన: స్టీరియోల కూత తీయబడును. చెవిల మిషన్ పెట్టుకొనే కూసుంటున్న. చూసేటోళ్లు చూడనీ.

ఇక ఉత్తరాలు చాలు. వీరన్న పోస్టుమ్యాన్ అయిపోయిండని డిపోల నవ్వుతున్నరట. మళ్ల నువ్వు భద్రాచలం వచ్చిన నాడు ఫోన్ చెయ్యి. చాచీ ఎత్తదు, నేనే ఎత్తుత. మాటలు తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇంజిన్ స్టార్ట్ చెయ్యి. పాట బంద్ పెట్టి, సౌండు మొత్తం పెంచి, లైట్లేసి, ఎక్సలేటర్ నేలకు తొక్కు. ఫోన్ స్పీకర్ కాడ పట్టుకో.

కూత ఉన్నదో లేదో ఈసారి నేను చెప్త.

ఆజం చాచా